గోలీకీ సూదికీ మధ్య

రెండేళ్ళ కిందట, మిరప ఏరే రోజుల్లో, మా అక్క బిడ్డకు హాస్టల్లో ప్రాణం మీదికొచ్చింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మోతెలో ఉంటుంది. బిడ్డకు అప్పుడు పదమూడేళ్ళు, ఒక సంక్షేమ గురుకులంలో ఎనిమిదో తరగతి. బడి పేరు ఇక్కడ అవసరం లేదు, ఏ బడిలోనైనా జరగగలిగిన విషయమే కనుక. నెలసరి మొదటి రోజు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే బడి నర్సు ఒక నొప్పి గోలీ ఇచ్చింది. అరగంట గడవకముందే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. తర్వాత ఛాతీలో పిల్లికూతలు మొదలై ఊపిరి అందలేదు. ఆ నర్సు అంతకుముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసిన మనిషి. టీకా వికటిస్తే ఏం చెయ్యాలో నేర్చుకుని ఉంది. తన బీరువాలో అడ్రినలిన్ ఆంప్యూళ్ళు రెండు పెట్టుకుని ఉంది. ఎవరినీ అడగలేదు. తొడకు సూది వేసి, 108కి ఫోన్ చేయించింది. అంబులెన్సు సూర్యాపేట చేరేసరికి బిడ్డ మాట్లాడుతోంది.

అక్కకు కబురు అందేసరికి పొద్దుగూకింది. ఖమ్మం వైపు మిరప తోటకు ట్రాలీ ఆటోలో కూలికి పోయిన ఆడవాళ్ళలో ఆమె ఒకతె. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి పోయింది. ఆసుపత్రికి నేను తీసుకెళ్ళాను. దారిపొడుగునా ఏమీ మాట్లాడలేదు. బిడ్డను చూసుకున్నాక, నర్సు చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"సూదేసినందుకు నేనేమంటలేను మేడం. నా బిడ్డను బతికిచ్చినవు. గోలీ ఇయ్యకముందు ఒక్క మాట అడిగితే ఏమైతుండె? నొప్పి గోలీలు దానికి పడవని చేర్పిచ్చిన నాడే చెప్పిన. ఎవ్వలు రాసుకున్నరు?"

ఒకే మనిషి, ఒకే బిడ్డకు, ఒక గంటలోపల రెండు మందులు ఇచ్చింది. రెండూ తల్లిని అడగకుండానే ఇచ్చింది. మందుల గురించి గానీ చట్టం గురించి గానీ ఎవరూ నేర్పని మా అక్క ఆ రెంటినీ వేరు చేసింది. ఒకదానికి దండం పెట్టింది, ఒకదాన్ని నిలదీసింది. వారం తర్వాత బడి మీది అధికారులు ఆ నర్సును సంజాయిషీ అడిగారు. ఏమని? తల్లిదండ్రుల అనుమతి, డాక్టరు ఆదేశం లేకుండా సూది ఎందుకు వేశావని. గోలీ ఊసే ఆ కాగితంలో లేదు. అక్క ఎక్కడ ప్రశ్నించిందో అక్కడ వ్యవస్థకు ఏ ప్రశ్నా రాలేదు. అక్క ఎక్కడ దండం పెట్టిందో అక్కడ మెమో వచ్చింది. పిల్లలకు మందులిచ్చే విషయంలో సమ్మతి అంటే ఏమిటని నేను ఆలోచించడం మొదలుపెట్టింది ఈ తలకిందుల దగ్గరే.

ముందు సూది సంగతి చూద్దాం. ఒళ్ళంతా విషమించే అలర్జీని వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు. పల్లీ, గుడ్డు, తేనెటీగ కాటు, నొప్పి మాత్ర, పెన్సిలిన్ - ఏదైనా కారణం కావచ్చు. దానికి మొదటి మందు అడ్రినలిన్. పిల్లల బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ కండరానికి వెయ్యాలి. మన దగ్గర చాలామంది ముందు ఏవిల్ ఇచ్చి చూస్తారు. దద్దుర్లు, దురద దానితో తగ్గవచ్చు. మూసుకుపోతున్న గొంతును, పడిపోతున్న రక్తపోటును అది ఆపలేదు. అడ్రినలిన్ ఆంప్యూల్ ఖరీదైనది కాదు. ఖరీదైనది ఆలస్యం. మిరప తోటలో ఉన్న తల్లి ఫోను ఎత్తేదాకా ఆగడం అంటే, ఆమె జవాబు చెప్పడానికి బిడ్డ మిగలకపోయే దాకా ఆగడం కావచ్చు.

చట్టం కూడా ఇక్కడ ఆగమనలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 92వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్ ఇదే విషయం చెబుతాయి. సంరక్షకులను అడిగే వ్యవధి లేనప్పుడు, మేలుకోరి, సద్బుద్ధితో చేసిన పని నేరం కాదు. అందులో ఇచ్చిన ఉదాహరణ కూడా ఒక బిడ్డ గురించే. ప్రమాదంలో పడిన పిల్ల వద్దని బతిమాలుతున్నా, పెద్దవాళ్ళను అడిగే సమయం లేక శస్త్రచికిత్స చేసిన వైద్యుడు తప్పు చెయ్యలేదంటుంది చట్టం. దేశంలో టీకాలు వేసే ఎ.ఎన్.ఎం.లకు అనాఫిలాక్సిస్ కిట్ ఇచ్చి, అనుమానం వస్తే ఒక డోసు అడ్రినలిన్ వేసి ఆసుపత్రికి పంపమని ప్రభుత్వమే నేర్పుతోంది. అదే ఎ.ఎన్.ఎం. బడి నర్సుగా మారగానే ఆ చెయ్యి ఎందుకు వణకాలి?

వేరే దేశాలు ఈ పాఠాన్ని పిల్లల చావులతో నేర్చుకున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 2003లో సబ్రీనా షానన్ అనే పదమూడేళ్ళ అమ్మాయి బడిలో తిన్న తిండితో అలర్జీ వచ్చి చనిపోయింది. తల్లి పోరాడింది. 2005లో సబ్రీనా చట్టం వచ్చింది. పిల్లకు అలాంటి అలర్జీ వచ్చిందని నమ్మే కారణం ఉంటే ముందస్తు అనుమతి లేకపోయినా బడి సిబ్బంది ఎపినెఫ్రిన్ ఇవ్వవచ్చని అందులో రాశారు. అడ్రినలిన్‌కే అది ఇంకో పేరు. 2012 జనవరిలో అమెరికాలోని వర్జీనియాలో ఏడేళ్ళ పాప బడిలో పల్లీ వల్ల చనిపోయింది. ఆ పాప పేరున రాసిన మందు బడిలో లేదు. అదే ఏడాది ఆ రాష్ట్రం ఏ బిడ్డ పేరూ లేకుండా అందరి కోసం ఆ మందు బళ్ళలో ఉంచాలని చట్టం చేసింది. 2013 నవంబరులో దేశం మొత్తానికీ అలాంటి ప్రోత్సాహక చట్టం వచ్చింది.

అయితే ఒంటారియో చట్టంలో రెండో సగం ఉంది. అలర్జీ ఉన్న ప్రతి బిడ్డకూ విడిగా ఒక ప్రణాళిక రాసిపెట్టాలి, తల్లిదండ్రుల నుంచి సమాచారం తీసుకోవాలి, సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి. అమెరికాలో ఉంటున్న మన తెలుగు తల్లులకు ఇది తెలిసిన వ్యవహారమే. బడి తెరిచే ముందు ఏ తిండి పడదు, ఏ మందు పడదు, వస్తే ఏం చెయ్యాలి అని ఫారాలు నింపి ఇస్తారు. అత్యవసరంలో అడగకుండా మందిచ్చే హక్కు అక్కడ గాల్లోంచి రాలేదు. తీరిక ఉన్నప్పుడు అడిగి రాసుకున్నారు కాబట్టి, తీరిక లేనప్పుడు అడగకుండా చెయ్యగలుగుతున్నారు. మా అక్క చెప్పింది కూడా ఇదే.

ఇప్పుడు గోలీ వైపు, అంటే తీరిక ఉన్న వేళ వైపు వద్దాం. తీరిక ఉన్నప్పుడు మన వ్యవస్థ పేద పిల్లల తల్లిదండ్రులను అడుగుతుందా? మోతె నుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుని పోతే దీనికి జవాబు దొరుకుతుంది.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు పద్నాలుగు వేలమంది అమ్మాయిలు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ పిల్లలు. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ భద్రాచలం వెళ్ళి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. తమకు ఏం వేశారో, ఎందుకు వేశారో చాలామందికి తెలియదని బయటపెట్టింది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో లెక్కలు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద ఉన్నది హాస్టల్ వార్డెన్ల సంతకం.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ రోజుల్లో జరిగిన పిల్లల మరణాలకు టీకా కారణమని తేలలేదు. విచారణ సంఘం వాటికీ టీకాకూ సంబంధం లేదంది. ఈ టీకా ఆ కాన్సర్‌ను నివారిస్తుందని ఇవాళ ప్రపంచమంతా తెలుసు. 2022లో దేశీయ టీకాకు కూడా అనుమతి వచ్చింది. నా కూతురికి నేనే వేయించాను. నా తగువు టీకాతో కాదు. ఆ 2,763 సంతకాలతో. అక్కడ అంబులెన్సు లేదు, మూసుకుపోతున్న గొంతు లేదు. నెలల తరబడి సమయం ఉంది. దసరాకు, సంక్రాంతికి ఇంటికి పోయే పిల్లలు, ఆదివారం చూడవచ్చే తల్లులు ఉన్నారు. అయినా అడగలేదు. హాస్టల్లో బిడ్డను వదిలిన తల్లి, బిడ్డతో పాటు తన నోరు కూడా అక్కడే వదిలేసినట్టు లెక్కగట్టారు.

వార్డెన్ కూడా సంరక్షకుడేగా అని వాదించేవాళ్ళున్నారు. బిడ్డకు జ్వరం వస్తే చూసుకునేది ఆయనే కదా అంటారు. జ్వరం రాత్రి రెండింటికి వస్తుంది. టీకా ప్రాజెక్టు అలా రాదు. తల్లి అందుబాటులో లేని చోట ఆమె బదులు నిలబడడం సంరక్షణ. ఆమెను పిలవగలిగి కూడా పిలవకుండా ఆమె బదులు సంతకం పెట్టడం వేరే పని. అది కూడా టీకా వేసే యంత్రాంగం కిందే పనిచేసే ఉద్యోగి పెట్టడం. అడిగేవాడూ ఒప్పుకునేవాడూ ఒకడే అయినప్పుడు అక్కడ సమ్మతి ఎక్కడుంది?

మన ఉద్యమానికి ఈ ప్రశ్న కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్ళను పిలిస్తే, అది ప్రయోగమని వాళ్ళకు చెప్పారా అని స్త్రీశక్తి సంఘటన మిత్రులు అడిగారు. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఖమ్మం పిల్లల విషయంలో కల్పనా మెహతా తదితరులు 2012లో అదే కోర్టుకు వెళ్ళారు. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, బళ్ళలో మీజిల్స్-రుబెల్లా టీకా తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెయ్యరాదంది. పదేళ్ళ ముందు ఖమ్మంలో తీసుకోని అనుమతి రాజధాని తల్లిదండ్రులకు హక్కుగా దక్కింది.

కానీ సమ్మతిని సంతకంగా మార్చుకుని గెలిచామనుకుంటే మోసపోతాం. ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. అక్క బిడ్డను గురుకులంలో చేర్పించిన రోజు ఆ ఫారం నింపింది నేనే. కులం, ఆదాయం, ఆధార్, రేషన్ కార్డు, రక్తం గ్రూపు అన్నీ రాశాను. పడని మందుల గురించి గడి లేదు. అక్క నా పక్కన నిలబడి, "నొప్పి గోలీలు పడవని రాయి చెల్లె. మూడో తరగతిల పన్ను నొప్పికి గోలీ వేస్తే మొహమంత వాచింది" అంది. గడి లేదక్కా, క్లాస్ టీచరుకు చెబుదాంలే అన్నాను. చెప్పాం. ఆవిడ తలూపింది. ఫారం చివర ఒక వాక్యం ఉంది. విద్యార్థి వైద్యం విషయంలో పాఠశాల తీసుకునే నిర్ణయాలకు మాకు అభ్యంతరం లేదని. దాని కింద అక్కతో సంతకం పెట్టించాను. చదివి వినిపించలేదు. వెనక వరసలో ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.

అంటే కాగితం ప్రకారం చూస్తే ఆ గోలీ తల్లి అనుమతితోనే ఇచ్చారు! చెప్పిన మాట ఎక్కడా నమోదు కాలేదు, చదవని మాట కింద సంతకం ఉంది. మార్జిన్‌లో ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేది. చదువుకున్నదాన్ని, విద్యార్థులకు స్త్రీల అనుభవ జ్ఞానం గురించి పాఠాలు చెప్పేదాన్ని, గడి లేదని మా అక్క జ్ఞానాన్ని నేనే పక్కన పెట్టాను. ఖమ్మం వార్డెన్లను వేలెత్తి చూపేటప్పుడు నాకు ఆ వరస గుర్తొస్తుంది. అక్క ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

ఇంకో సంగతి. ఆ ఫారంలో 'తండ్రి / సంరక్షకుడు' అని ఉంది. బావ ఊళ్ళో లేడు కాబట్టి అక్క సంతకం చెల్లింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం తండ్రిని, ఆయన తర్వాతే తల్లిని సహజ సంరక్షకులంటుంది. కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయిన రచయిత్రి గీతా హరిహరన్‌ను తండ్రి సంతకం తెమ్మంటే ఆమె కోర్టుకెక్కింది. తండ్రి అందుబాటులో లేనప్పుడో, పట్టించుకోనప్పుడో తల్లి కూడా సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు ఆ మాటకు అర్థం చెప్పింది. బిడ్డకు ఏది పడుతుందో ఏది పడదో తెలిసేది చాలా ఇళ్ళల్లో తల్లికి. కాగితం ఎదురుచూసేది తండ్రి చేతి కోసం.

మరి తల్లికి అధికారం ఇస్తే చాలా? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుచేసుకుందాం. పరీక్ష కోసం మత్తిచ్చిన నలభై నాలుగేళ్ళ స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తల్లి సమ్మతి కూతురి సమ్మతి కాదంది కోర్టు. ఆమె వయసొచ్చిన మనిషి, మా అక్క బిడ్డ పదమూడేళ్ళది, నిజమే. కానీ ఆ పాత శిక్షాస్మృతి కూడా పన్నెండేళ్ళ లోపు పిల్లల సమ్మతే చెల్లదంది. ఆ వయసు దాటినవాళ్ళ మాటను పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. ఆసుపత్రిలో నేను బిడ్డను అడిగాను, నొప్పి గోలీలు నీకు పడవని తెలుసు కదా, మరి చెప్పలేదేం అని.

"మేడం ఇస్తే వద్దనొచ్చా చిన్నమ్మా?" అంది.

గోలీ చేతిలో పెట్టినప్పుడు ఆ బిడ్డకు తన ఒంటి సంగతి తెలుసు. చెప్పవచ్చని తెలియదు. పెట్టింది తినాలి, ఇచ్చింది మింగాలి, లైన్లో నిలబడాలి అని మూడేళ్ళుగా నేర్పిన చోట ఆ ఒక్కరోజు ఎదురుచెప్పడం ఎలా వస్తుంది? ఆడపిల్లకు ఆ అణకువను బడి ఒక్కటే నేర్పలేదు. ఇంట్లో మనమూ నేర్పాం.

ఆ నర్సు గురించి కూడా మాట్లాడాలి. ఆమె ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. వందలమంది పిల్లలకు ఒక్కతే. ప్రతి గోలీకీ తల్లికి ఫోన్ చెయ్యాలంటే ఆమె పని ఆగిపోతుంది. ఆ మాట ఆమే నాతో అంది. నెలసరి నొప్పితో ఏడుస్తున్న పిల్లను అనుమతి వచ్చేదాకా అలాగే ఉంచమంటారా అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. సమ్మతి పేరు చెప్పి ఆడపిల్లల నొప్పిని ఇంకా వాయిదా వెయ్యడం నాకూ ఇష్టం లేదు. అందుకే ప్రతి మందుకూ ఒక సంతకం అని నేను అడగడం లేదు. ఏడాదికొకసారి తల్లిని కూర్చోబెట్టి, ఈ బిడ్డకు ఏం పడదో అడిగి, నర్సు గదిలో గోడకు కనబడేలా రాసిపెట్టమంటున్నాను. మామూలు జ్వరానికి, నొప్పికి ఏ మందులు ఇస్తారో అప్పుడే చెప్పి ఒప్పించుకోవచ్చు. ఇచ్చే ముందు పిల్లను అడగడానికి అరనిమిషం చాలు: ఇంతకుముందు వేసుకున్నావా, ఏమైనా అయిందా అని. టీకా అయినా, సర్వే అయినా, ఆగగలిగినదైతే ఆగాలి, తల్లి భాషలో చెప్పాలి, వద్దంటే వినాలి. ఊపిరి ఆగిపోతుంటే ఎవరినీ అడగక్కర్లేదు. సూది వెయ్యాలి, తర్వాత ఏం చేశారో తల్లికి పూర్తిగా చెప్పాలి. ఆ సూది వేసిన మనిషికి మెమో రాకూడదు.

ఇవన్నీ చిన్న విషయాలే. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చినప్పుడు, ఆడవాళ్ళకు తమ శరీరం గురించి తెలిసినదాన్ని జ్ఞానంగా లెక్కపెట్టాలని మనం పట్టుబట్టాం. ఆ పని మోతెలో ఒక కూలితల్లి చెప్పిన మాటను ఫారం మార్జిన్‌లో రాయడం దాకా రాలేదింకా.

నర్సు సంజాయిషీ రాయడానికి నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం కూర్చుని రాశాం. అక్క కూడా వచ్చి, తను చెప్పేది కూడా రాయమంది. సూది వేసినందుకు నాకు అభ్యంతరం లేదు, నేను చెప్పింది రాసుకోనందుకు అభ్యంతరం ఉంది అని. ఈసారి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టింది.